మంచుమీద పడేవారికి కవచాలు

కొబ్బరిచెట్టు తలనుండి కాయ రాలినప్పుడు లోపలి చిప్ప సాధారణంగా పగలకపోవడం మనమందరమూ చూచినదే. అదే కాయను పీచు ఒలిచి, నిలువెత్తునుండి బండమీదికి విడిస్తే చిప్ప చిట్లిపోతుంది. చిప్ప గట్టిదనం రెండు సందర్భాలలోనూ ఒక్కటే. మొదటి సందర్భంలో చిప్పకూ నేలకూ నడుమ పీచు ఉన్నది. అది అణగుతూ కాయ ఆగడానికి కొంచెం దూరాన్ని, కొంచెం వ్యవధిని ఇచ్చినది. రెండవ సందర్భంలో ఆ దూరమూ లేదు, ఆ వ్యవధీ లేదు. మంచుకొండలమీద గాలిలోకి ఎగిరి, గిరికీలు కొట్టి దిగే క్రీడాకారులు తొడిగే రక్షణ దుస్తుల చరిత్ర అంతా ఈ పీచును మనిషికి ఎట్లా తొడగాలి అన్న ప్రశ్న చుట్టూనే తిరిగినది.

మంచు ఎరుగని ప్రాంతాలవారికి మంచు అనగానే దూదివంటి మెత్తని పదార్థం తోచవచ్చు. అప్పుడే కురిసిన మంచు అట్లాగే ఉంటుంది. కాని పోటీలు జరిగే వాలులను యంత్రాలతో అణచి, చదును చేస్తారు. అవి పగటి ఎండకు కొంచెం కరిగి, రాత్రి చలికి తిరిగి గడ్డకట్టి, తెల్లవారేసరికి సిమెంటు గచ్చువలె బిగుసుకొని ఉంటాయి. మన గోదాలలో వస్తాదులు మట్టిని తవ్వి, గుల్ల చేసి కుస్తీకి దిగుతారు. ఈ క్రీడలో నేలకు అటువంటి మెత్తదనం లేదు కనుక, ఆ మెత్తదనాన్ని క్రీడాకారుడు తన ఒంటిమీదనే మోసుకొనిపోవలసివచ్చినది.

ఆట పుట్టిన తీరు

నార్వే దేశస్థుడైన స్టైన్ ఎరిక్సెన్ 1952లో ఓస్లో ఒలింపిక్ క్రీడలలో జెయింట్ స్లాలమ్ పోటీలో స్వర్ణపతకం గెలిచి, తరువాత అమెరికాలో స్థిరపడ్డాడు. అక్కడి మంచువాలులమీద ఆయన స్కీలతో గాలిలోకి లేచి పల్టీకొట్టి దిగడం చూడడానికి జనం మూగేవారు. ఆ ముచ్చటను అనుకరించిన యువకులు 1960ల చివరినుండి ఎవరికి తోచిన విన్యాసం వారు చేయసాగారు. నియమమంటూ లేని ఈ ఆటలో వెన్నెముకలు విరిగినవారు ఉన్నారు. 1970లలో అమెరికాలోని పలు స్కీ కేంద్రాలు తలక్రిందుల పల్టీలను నిషేధించవలసివచ్చినది. 1979లో అంతర్జాతీయ స్కీ సమాఖ్య దీనిని ఫ్రీస్టైల్ స్కీయింగ్ అనే పేరుతో క్రీడగా గుర్తించి, నియమాలు ఏర్పరచినది. గుట్టలు గుట్టలుగా ఉండే వాలుమీద సాగే మొగల్స్ పోటీకి 1992లోను, ఎత్తుకు ఎగిరి పల్టీలు కొట్టే ఏరియల్స్ పోటీకి 1994లోను ఒలింపిక్ పతకాలు లభించాయి.

స్నోబోర్డ్ కథ వేరు. 1965 క్రిస్మస్ నాడు మిషిగన్ రాష్ట్రంలోని మస్కీగన్ పట్టణంలో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు తన కుమార్తెల ఆటకోసం రెండు స్కీలను జతచేసి ఒకే పలకగా బిగించాడు. దానికి ‘స్నర్ఫర్’ అని పేరు వచ్చినది. ఆ ఆటబొమ్మనుండి స్నోబోర్డ్ పెరిగి, 1998లో జపానులోని నగానో ఒలింపిక్ క్రీడలకు చేరినది. మంచుతో కట్టిన పెద్ద అర్ధనాళికలో, అంటే హాఫ్‌పైప్‌లో, ఒక గోడనుండి మరొక గోడకు ఊయలవలె ఊగుతూ, గోడ అంచు దాటి గాలిలోకి ఎగరడం ఈ క్రీడలోని ముఖ్య విన్యాసం. ఇటీవలి ఒలింపిక్ పోటీలలో ఆ గోడ ఎత్తు సుమారు 6.7 మీటర్లు. నేర్పరులు ఆ అంచుకుపైన మరి నాలుగైదు మీటర్లు లేస్తారు.

తలకు తొడుగు

శిరస్త్రాణం యుద్ధానికి పాతదే అయినా, పడిపోయేవాని తలను కాపాడే టోపీ అన్న భావం కొత్తది. దానికి మూలం మంచులో లేదు, మోటారు సైకిలు ప్రమాదంలో ఉన్నది. 1935 మే నెలలో ‘అరేబియా లారెన్స్’గా ప్రసిద్ధుడైన టి.ఇ. లారెన్స్ మోటారు సైకిలుమీదనుండి పడి, తల పగిలి, ఆరవ రోజున మరణించాడు. ఆయనను చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. ఈ విధమైన మరణాలను తప్పించవచ్చునా అని ఆయన కొన్ని సంవత్సరాలు విచారించి, 1941లో తన పరిశీలనలను ప్రకటించాడు. రెండవ ప్రపంచ యుద్ధం మొదటి 21 నెలలలో బ్రిటనులో 2,279 మంది మోటారు సైకిలు చోదకులు, వెనుక కూర్చున్నవారు రోడ్డు ప్రమాదాలలో చనిపోయారు. కెయిర్న్స్ పరిశీలించిన రోగులలో శిరస్త్రాణం ధరించినవారు ఏడుగురే. ఆ ఏడుగురూ బ్రతికారు. ఆ సంవత్సరమే బ్రిటిష్ సైన్యం తన వార్తాహరులకు శిరస్త్రాణాన్ని తప్పనిసరి చేసినది.

ఆ నాటి శిరస్త్రాణాల ముఖ్య గుణం గట్టిదనం. లోపల ఉండవలసిన ‘పీచు’ గురించి స్పష్టంగా ఆలోచించినవారు అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లొంబార్డ్, రాత్ అనేవారు. గట్టి డిప్పలోపల, దెబ్బ తగలగానే అణగి తిరిగి ఎగదన్నని పదార్థపు పొర ఉండాలని వారు సూచించారు. 1953లో వారికి దానిపై పేటెంటు లభించినది. స్ప్రింగువలె ఎగదన్నే మెత్తన తలకు రెండవ దెబ్బ కొడుతుంది. నలిగి ఊరుకొనే పదార్థం దెబ్బలోని శక్తిని తానే మింగుతుంది. మన అంగళ్ళలో థర్మోకోల్ అని పిలిచే పాలిస్టైరీన్ నురుగు ఈ పనికి చాల అనువైనదని తరువాత తేలినది. నేటి స్కీ శిరస్త్రాణాలలో చాలమట్టుకు లోపల ఉండేది అదే.

మంచుమీద ఆనాటి పందెగాండ్రు తోలుటోపీలతోనే దిగేవారు. 1959 ఫిబ్రవరిలో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన డౌన్‌హిల్ పందెంలో జాన్ సెమెలింక్ అనే కెనడా యువకుడు పడి, తలకు తగిలిన దెబ్బతో మరణించాడు. మరుసటి సంవత్సరంనుండి డౌన్‌హిల్ పందేలలో గట్టి శిరస్త్రాణం తప్పనిసరి అయినది. అయినా వినోదంకోసం స్కీ చేసేవారు మరి మూడు దశాబ్దాలకుపైగా ఉన్నిటోపీలను వదలలేదు.

ఒక చిన్న లెక్క

శిరస్త్రాణం చేసే మేలును ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. పడిన ఎత్తును, ఆగడానికి పట్టిన దూరంతో భాగించండి. వచ్చిన సంఖ్య, సమంగా నెమ్మదించి ఆగిన వస్తువు అనుభవించే రుణత్వరణం భూమ్యాకర్షణ త్వరణానికి ఎన్ని రెట్లో తెలుపుతుంది. ఒకటిన్నర మీటరు ఎత్తునుండి పడిన తల గట్టి మంచుమీద 2 మిల్లీమీటర్లలో ఆగినదనుకొందాము. 1,500ను 2తో భాగిస్తే 750 రెట్లు. అదే తల, నురుగు అణగడంవల్ల 20 మిల్లీమీటర్ల దూరంలో ఆగితే 75 రెట్లు మాత్రమే. పుర్రె గట్టిదనం మారలేదు, పడిన ఎత్తు మారలేదు. ఆగిన దూరం పదిరెట్లు పెరగగా దెబ్బ పదోవంతుకు తగ్గినది.

1996లో ఐరోపాలో వెలువడిన స్కీ శిరస్త్రాణాల ప్రమాణం ఈ సూత్రంమీదనే నిలిచినది. శిరస్త్రాణం తొడిగిన లోహపు తలను సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తునుండి దిమ్మెమీదికి విడుస్తారు. తాకే వేగం సెకనుకు 5.42 మీటర్లు, అంటే గంటకు సుమారు 19.5 కిలోమీటర్లు. లోపలి పరికరం నమోదుచేసే రుణత్వరణం 250 రెట్లను మించరాదు. 2013-14 పోటీల ఋతువునుండి అంతర్జాతీయ సమాఖ్య వేగపు పందేల శిరస్త్రాణాలకు తాకే వేగాన్ని సెకనుకు 6.8 మీటర్లకు పెంచినది. వేగంలో ఈ పెంపు కొద్దిగా కనిపించినా, శక్తి వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది కనుక, శిరస్త్రాణం మింగవలసిన శక్తి ఒకటిన్నర రెట్లకుపైగా అయినది.

సామాన్యులలో శిరస్త్రాణం వ్యాపించడానికి 1990ల చివరి సంవత్సరాలు కీలకమైనవి. 1997 డిసెంబరు 31న రాబర్ట్ కెన్నెడీ కుమారుడు మైకేల్ కెన్నెడీ, ఆ తరువాత వారం తిరగకుండానే గాయకుడు, అమెరికా కాంగ్రెసు సభ్యుడు అయిన సానీ బోనో స్కీ చేస్తూ చెట్లకు ఢీకొని మరణించారు. 1999లో అమెరికా ప్రభుత్వపు వినియోగ వస్తువుల భద్రతా సంఘం ఒక అంచనా వెలువరించినది. 1997లో స్కీ, స్నోబోర్డులవల్ల కలిగిన తలగాయాలు సుమారు 17,500. శిరస్త్రాణం ఉంటే వాటిలో 7,700 గాయాలు తప్పడమో, తగ్గడమో జరిగేది అని ఆ సంఘం అభిప్రాయపడినది. 2006లో నార్వే పరిశోధకులు ఎనిమిది స్కీ కేంద్రాలలో గాయపడినవారిని, గాయపడనివారిని పోల్చి చూచి, శిరస్త్రాణం ధరించినవారికి తలగాయం కలిగే అవకాశం సుమారు 60 శాతం తక్కువ అని తెలిపారు.

మణికట్టు, వెన్ను

స్నోబోర్డ్ మీద రెండు పాదాలూ ఒకే పలకకు బిగించి ఉంటాయి. తూలినప్పుడు ఒక కాలు ముందుకువేసి నిలద్రొక్కుకోవడానికి వీలులేదు. వాలుకు దిగువవైపునున్న అంచు మంచులో గుచ్చుకొనగానే మనిషి తలుపు విసురుగా మూసుకొన్నట్లు పడిపోతాడు. మడమవైపు అంచు గుచ్చుకొంటే వెల్లకిల పడి, తల వెనుకభాగం నేలకు తగులుతుంది. వ్రేళ్ళవైపు అంచు గుచ్చుకొంటే బోర్లా పడి, చేతులు ముందుకు చాస్తాడు. 1990లలో జపాను వైద్యులు నగానో ప్రాంతపు రోగులను పరిశీలించి, కొత్తగా నేర్చుకొనేవారు ఈ విధంగా వెల్లకిల పడడం మెదడుపై రక్తస్రావానికి ముఖ్యకారణమని గుర్తించారు. చాచిన చేతులకు మణికట్టు విరగడం స్నోబోర్డులో అన్నిటికంటె సాధారణమైన గాయాలలో ఒకటి.

దీనికి మందు చౌకైనదే. అరచేతినుండి ముంజేతిదాకా గట్టి పట్టీ ఉన్న తొడుగు ధరిస్తే మణికట్టు వెనుకకు అతిగా విరగకుండా ఆగుతుంది. 2001లో ప్రకటించిన నార్వే పరిశోధనలో 5,029 మంది స్నోబోర్డర్లను చీటీలు వేసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు మాత్రమే మణికట్టు తొడుగులు ఇచ్చారు. తొడుగులున్న జట్టులో 8 మందికి, లేని జట్టులో 29 మందికి మణికట్టు గాయాలు కలిగాయి. ఇంత స్పష్టమైన ఫలితం రక్షణ దుస్తుల చరిత్రలో అరుదు. అయినా ఈ తొడుగులకంటూ ప్రత్యేకమైన అంతర్జాతీయ ప్రమాణం 2020లో గాని రాలేదు.

వెన్నుకవచం కూడ మోటారు సైకిలు పందేలనుండి వచ్చినదే. 1975లో అమెరికాలోని డేటోనా పందెపు బాటమీద బ్రిటిష్ చోదకుడు బారీ షీన్ భయంకరమైన వేగంతో పడి, అనేక ఎముకలు విరిగి కూడ బ్రతికాడు. ఆ తరువాతి సంవత్సరాలలో ఇటలీకి చెందిన డైనీస్ సంస్థ, రొయ్య వీపువలె ఒకదానిపై ఒకటి జరిగే పలకలతో వెన్నుకవచాన్ని తయారుచేసినది. దానిని మొదట తొడిగినవారిలో షీన్ ఒకడు. వంగడానికి వీలిస్తూనే దెబ్బను వెడల్పుగా పంచడం దాని నేర్పు. ఇదే పద్ధతి పిమ్మట మంచుకొండలమీదికి వచ్చినది.

మోటారు సైకిలు కవచాలకు 2003లో ఏర్పడిన ఐరోపా ప్రమాణాన్నే స్కీ కవచాల తయారీదారులూ వాడుకొన్నారు. 5 కిలోల బరువును సుమారు ఒక మీటరు ఎత్తునుండి కవచంపై పడవేస్తారు. దానిలోని శక్తి 50 జౌళ్ళు. కవచం దాటి లోపలికి చేరే బలం మొదటి తరగతిలో సగటున 18 కిలోన్యూటన్లను, రెండవ తరగతిలో 9 కిలోన్యూటన్లను మించరాదు. కాని 70 కిలోల మనిషి 5 మీటర్ల ఎత్తునుండి పడితే ఆ శక్తి సుమారు 3,430 జౌళ్ళు. అందుచేత ఈ కవచం రాయి, కంచె, స్కీ అంచు వంటివి ఒకచోట తగిలే దెబ్బనుండి కాపాడగలదు. నడుముమీదనో, తలమీదనో పడి వెన్ను నిలువునా కుంగినప్పుడు, లేదా మితిమీరి వంగి మెలిపడినప్పుడు, వీపున ఉన్న పలక చేయగలిగినది చాల తక్కువ.

మెత్తనా, గట్టిదనమా?

కవచం గట్టిగా ఉంటే విన్యాసానికి అడ్డు. మెత్తగా ఉంటే రక్షణ తక్కువ. ఈ చిక్కును విప్పడానికి ఒక విచిత్ర పదార్థం తోడ్పడినది. మొక్కజొన్న పిండిని కొద్దిపాటి నీటిలో చిక్కగా కలిపి, వ్రేలు మెల్లగా ముంచితే దిగిపోతుంది; పిడికిలితో గుద్దితే బండవలె అడ్డుకొంటుంది. ఇటువంటి గుణమున్న పదార్థాలు మెల్లని కదలికకు జారి, వేగమైన కదలికకు బిగుసుకొంటాయి. బ్రిటనుకు చెందిన రిచర్డ్ పామర్ తానే స్నోబోర్డర్. ఆయన 1999లో స్థాపించిన సంస్థ డీత్రీఓ అనే నారింజరంగు పదార్థాన్ని రూపొందించినది. 2006లో ఇటలీలోని టూరిన్ ఒలింపిక్ క్రీడలలో అమెరికా, కెనడా పందెగాండ్రు దీనిని ముంజేతుల వద్ద, మోకాలి క్రింద కుట్టిన దుస్తులతో దిగారు. ఆనాటినుండి మోకాళ్ళకు, మోచేతులకు, తుంటికి పలుచని రక్షణ బట్టలోనే కలిసిపోయినది.

రెండు పతనాలు

దుస్తులు ఇంత మెరుగుపడిన తరువాతనే రెండు దుర్ఘటనలు క్రీడాలోకాన్ని కలచివేశాయి. 2009 డిసెంబరు 31న, వాంకూవర్ ఒలింపిక్ క్రీడలకు సిద్ధమవుతున్న అమెరికా స్నోబోర్డర్ కెవిన్ పియర్స్ యూటా రాష్ట్రంలోని పార్క్ సిటీ అర్ధనాళికలో పడి, తలకు తీవ్రమైన గాయం తగిలి స్పృహ కోల్పోయాడు. శిరస్త్రాణం అతని తలపై ఉన్నది. అతడు బ్రతికాడు గాని, నడకను, జ్ఞాపకశక్తిని నెలల తరబడి కూడబెట్టుకోవలసివచ్చినది. పోటీలకు తిరిగి రాలేకపోయాడు.

2012 జనవరి 10న అదే పట్టణంలోని అర్ధనాళికలో కెనడా స్కీ క్రీడాకారిణి సారా బర్క్ అభ్యాసం చేస్తూ పడింది. స్కీ అర్ధనాళిక పోటీని ఒలింపిక్ క్రీడలలో చేర్చడానికి పట్టుబట్టి పోరాడినవారిలో ఆమె ముందున్నది. ఆ నిర్ణయం 2011లో వెలువడినది. ఆమె కూడ శిరస్త్రాణం ధరించియే ఉన్నది. మెడలోనుండి మెదడుకు రక్తం చేర్చే ధమని చిట్లి, గుండె ఆగి, మెదడుకు ప్రాణవాయువు అందక, తొమ్మిదవ రోజున ఆమె కన్నుమూసింది. అప్పటికి ఆమె వయస్సు 29. ఆమె కోరిన పోటీ 2014లో సోచీలో జరిగినది. ఆమె మాత్రం దానిని చూడలేదు.

మన చిన్న లెక్కను ఇక్కడ మరొకమారు వేయండి. గోడ ఎత్తు 6.7 మీటర్లు, దానిపై ఎగిరినది 5 మీటర్లు, మొత్తం 11.7. దిగవలసిన వాలు తప్పి నేరుగా అడుగుకు వచ్చిపడినవాని వేగం గంటకు సుమారు 54 కిలోమీటర్లు. నురుగు 20 మిల్లీమీటర్లు అణగినా రుణత్వరణం 585 రెట్లు అవుతుంది. పరీక్షలోని హద్దు 250 రెట్లు. సరియైన చోట దిగినప్పుడు గోడ వాలు అతనిని మెల్లగా ప్రక్కకు మళ్ళిస్తుంది కనుకనే ఈ క్రీడ సాధ్యమవుతున్నది. అసలైన రక్షణ ఆ వాలు ఆకారంలోనే ఉన్నది. దుస్తులు దాని తరువాతివి.

మరొక లోపం కూడ ఉన్నది. ఆక్స్‌ఫర్డ్ భౌతికశాస్త్రజ్ఞుడు హోల్బర్న్ 1943లోనే, మెదడువంటి జిలటిన్ ముద్దలతో ప్రయోగాలు చేసి, తల గిర్రున తిరగడంవల్ల మెదడు కణజాలం సాగి చినుగుతుందని చూపాడు. కాని శిరస్త్రాణ పరీక్షలు దశాబ్దాలపాటు నిలువు దెబ్బనే కొలిచాయి. 1996 ప్రాంతంలో స్వీడన్‌లో మెదడు శస్త్రవైద్యుడు హాన్స్ ఫాన్ హోల్స్ట్, పరిశోధకుడు పీటర్ హాల్డిన్ ఈ విషయాన్ని చేపట్టి, డిప్పకూ తలకూ నడుమ కొద్దిగా జారే పలుచని పొరను అమర్చారు. 2007లో గుర్రపుస్వారీ శిరస్త్రాణంలో మొదట వచ్చిన ఆ పొర నేడు అనేక స్కీ శిరస్త్రాణాలలో కనిపిస్తుంది.

గాలి సంచి

ఆగే దూరాన్ని పెంచడానికి మందమైన కవచం కావాలి. మందమైన కవచంతో ఎగరడం కుదరదు. పడే క్షణంలోనే మందం కలిగే దుస్తు ఉంటే ఈ చిక్కు తీరుతుంది. అంతర్జాతీయ సమాఖ్య సహకారంతో డైనీస్ సంస్థ పందెగాండ్రకోసం అటువంటి గాలిసంచిని తయారుచేసినది. దుస్తులోని పరికరాలు త్వరణాన్ని, శరీరపు తిప్పుడును ఎడతెగక కొలుస్తూ, అదుపుతప్పినట్లు తేలగానే సెకనులో సుమారు పదోవంతు కాలంలో సంచిని ఉబ్బిస్తాయి. 2015 డిసెంబరులో ఇటలీలోని వాల్ గార్డెనాలో ఆస్ట్రియా పందెగాడు మథియాస్ మాయర్ పడినప్పుడు అది ప్రపంచ కప్ పందెంలో మొదటిసారిగా విచ్చుకొన్నది. అయినా అతనికి వెన్నుపూసలు విరిగాయి. అతడు కోలుకొని 2018లో, 2022లో మరల ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. 2024-25 ఋతువునుండి ప్రపంచ కప్ డౌన్‌హిల్, సూపర్-జి పోటీలలో గాలిసంచి తప్పనిసరి అయినది.

ఫ్రీస్టైల్ క్రీడకు దీనిని అట్లే వాడలేము. డౌన్‌హిల్ పందెగాడు గాలిలో తలక్రిందులైతే అది ప్రమాదమే. ఫ్రీస్టైల్ క్రీడాకారుడు తలక్రిందులైతే అది అతని విన్యాసం! ఉద్దేశించిన తిప్పుడును, తప్పిన తిప్పుడునుండి కనురెప్పపాటులో వేరుచేయడం యంత్రానికి కష్టమైన పని. అందుచేత ఈ క్రీడలో గాలిసంచిని ఒంటికి తొడగడానికి బదులు నేలమీద పరిచారు. కొత్త విన్యాసాలను మొదట కొలనులోకి దూకి, తరువాత పెద్ద గాలిపరుపులమీద దూకి అభ్యసిస్తారు. వందలసార్లు సరిగా వచ్చిన పిమ్మటనే మంచుమీదికి తెస్తారు.

ఈ చరిత్రలో ప్రతి కవచం వెనుకా ఎవరో ఒకరు పడిన పాటు ఉన్నది. ప్రతి కవచానికీ తన హద్దు ఉన్నది. ఆ హద్దును కొలిచి చెప్పగలగడం విజ్ఞానశాస్త్రం చేసిన మేలు. నురుగు ఒకసారి నలిగితే తిరిగి పూర్వస్థితికి రాదు కనుక గట్టి దెబ్బ తగిలిన శిరస్త్రాణాన్ని, పైకి చెక్కుచెదరనట్లున్నా, మరల ధరించరాదు. మంచు ఎరుగని మనకు కూడ ఇది పనికివచ్చే మాటే. రోజూ మన రోడ్లపై తిరిగే మోటారు సైకిళ్ళవారి శిరస్త్రాణంలో ఉన్నది కూడ ఆ రెండు మూడు సెంటీమీటర్ల పీచే. పట్టీ బిగించని శిరస్త్రాణం, హ్యాండిలుకు తగిలించిన శిరస్త్రాణం పీచు ఒలిచిన కాయతో సమానం.